సొన్‌దోంగ్‌కు ఒక ఉదాహరణ

సొన్‌దోంగ్ అనే మాటకు పది రోజుల్లో అర్థం చెబుతామని ప్రజావాక్కు మార్గదర్శక శాఖ సోంగ్‌చన్ జిల్లా డైరెక్టర్ యోమ్ సాంగ్‌హాన్ గారు జనవరి పదహారున ఉదయం పది గంటలకు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. దేశంలో ఇంతవరకూ ఏ జిల్లా ఈ పనికి పూనుకోలేదని, మొదటి జిల్లా మనదే అవుతుందని కూడా చెప్పారు. విలేకరులం ముగ్గురం ఉన్నాం. ముగ్గురం చప్పట్లు కొట్టాం. బార్లీ టీ ఇచ్చారు.

సొన్‌దోంగ్ అంటే జనాన్ని తిరుగుబాటుకు రెచ్చగొట్టడం. ఆ మాట మాకు కొత్త కాదు. చట్టంలో ఉంది, బడి గోడల మీద ఉంది, సినిమాకు ముందు వేసే న్యూస్‌రీల్లో ఉంది. దానికి ఏడేళ్ల శిక్ష పడుతుందని రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఏం చేస్తే పడుతుందో మాత్రం చట్టంలో రాసి లేదు. రాయకపోవడంలోనే దాని బలముందని డైరెక్టర్ గారు నాకు ఒకసారి వివరించారు.

"ఫలానా చోట గొయ్యి ఉందని బోర్డు పెట్టావనుకో, జనం ఆ ఒక్కచోటే చూసుకుని నడుస్తారు. బోర్డు పెట్టకపోతే ఊరంతా చూసుకుని నడుస్తారు" అన్నారు.

నేను రాసుకున్నాను.

చిక్కు ప్యోన్ జడ్జిగారి వల్ల వచ్చింది. ఆయన నవంబరులో రాజధాని సియోల్ నుంచి బదిలీ మీద వచ్చారు. జనవరిలో ఒక కేసు ఫైలు ఆయన ముందుకు వెళ్లింది. మూడో రోజున తిరిగి వచ్చింది. పైన చీటీ ఉంది. "నిందితురాలు సొన్‌దోంగ్ చేసినట్టు రాశారు. సొన్‌దోంగ్ అంటే ఏమిటో రాయలేదు. రాసి పంపండి." కింద ముద్ర. శాఖలో ముందు దీన్ని పరిహాసం అనుకున్నారు. జడ్జిగారు నవంబరు నుంచి ఇంతవరకూ ఒక్కసారి కూడా పరిహాసం ఆడలేదని తర్వాత ఎవరో గుర్తు చేశారు.

కేసు వివరాలు ఇవి. నిందితురాలు బాంగ్ ఓక్‌నమ్. వయసు యాభై రెండు. బస్టాండు ఎదురుగా కాల్చిన చిలగడదుంపలు అమ్ముతుంది. పేటలో అందరూ కీహో వాళ్లమ్మ అంటారు. జనవరి తొమ్మిదిన ఆమె ప్రభుత్వ బొగ్గు డిపో ముందు, ఇంటి పొయ్యికి చిల్లుల బొగ్గుదిమ్మల కోసం లైన్లో నిలబడింది. లైన్లో అరవై ఒక్కమంది. సున్నాకు పదకొండు డిగ్రీల కింద చలి. ఎనిమిదికి తెరవాల్సిన గేటు పదింబావు దాకా తెరవలేదు.

పదింబావుకు ఆమె, "అబ్బ, నా మోకాళ్లు. నేను కూర్చుంటున్నానమ్మా" అంది. చేతిలోని బేసిన్ బోర్లించి దాని మీద కూర్చుంది.

నాలుగు నిమిషాల్లో నలభై ముగ్గురు కూర్చున్నారు. బేసిన్ల మీద, గోనెసంచుల మీద, వీపున బరువు మోసే చెక్క చట్రాల మీద. మిగిలిన పదిహేడు మంది ఏమీ తెచ్చుకోలేదు కాబట్టి కూర్చోలేదు.

పదీ ఇరవై ఒకటికి డైరెక్టర్ గారి కారు అటుగా వెళ్లింది. కారు వెళ్తుంటే జనం తల వంచి నమస్కరించడం మా ఊళ్లో అలవాటు. కూర్చున్నవాళ్లు లేవలేదు. కారు ముందుకు వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ఒకసారి వెళ్లింది. అప్పుడు కూడా లేవలేదు.

సాయంత్రానికి ఓక్‌నమ్ పోలీస్ స్టేషన్లో ఉంది.

*

అర్థం వెతకడానికి డైరెక్టర్ గారు ముందుగా నమ్‌గుంగ్ మాస్టారి దగ్గరికి వెళ్లారు. మాస్టారికి డెబ్బై ఒకటి. బడి పిల్లల కోసం ఇరవై ఆరేళ్లుగా నిఘంటువు తయారు చేస్తున్నారు. స్టేషనరీ దుకాణం వెనక గదిలో ఆపిల్ పెట్టెల నిండా కార్డులు. కార్డుకొక మాట. డైరెక్టర్ గారు ఆరో తరగతి ఆయన దగ్గరే చదివారు. చరిత్రలో నమోదు కావాలని నన్ను, తన కార్యదర్శి కుక్‌ను వెంట తీసుకెళ్లారు.

"రా సాంగ్‌హానూ. బూట్లు బయట విప్పు. నిన్ననే తుడిచాను."

డైరెక్టర్ గారు విప్పారు. ఎడమ సాక్సుకు చిరుగు ఉంది. ఈ సంగతి అప్పటి వార్తలో రాయలేదు.

మాస్టారు కార్డు కోసం వెతకడం మొదలుపెట్టారు. పెద్దాయన నిలబడి ఉండగా డైరెక్టర్ గారు కూర్చోలేదు. డైరెక్టర్ గారు నిలబడి ఉండగా కార్యదర్శి కూర్చోలేదు. కార్యదర్శి నిలబడి ఉండగా నేను కూర్చోలేదు. ఇరవై అయిదు నిమిషాలు అలా గడిచాయి.

"మీరు కూర్చోండి మాస్టారూ, మేం వెతుకుతాం" అన్నారు డైరెక్టర్ గారు కాలు మార్చుకుంటూ.

"మీరు వెతికితే ఉన్నవి కూడా పోతాయి."

చివరికి కార్డు దొరికింది. మాస్టారు కూర్చున్నారు. మేం వరసగా కూర్చున్నాం.

"మొదటి అక్షరంలో రెండు బొమ్మలున్నాయి" అన్నారు మాస్టారు. "ఎడమ పక్క నిప్పు. కుడి పక్క విసనకర్ర. రెండో అక్షరం కదలడం. నిప్పును విసిరి కదిలించడం. చైనా వాళ్ల దగ్గర్నుంచి మనకొచ్చింది."

"చాలా బాగుంది. అంటే తప్పు విసనకర్రది."

"విసిరినవాడిది."

"అదే, విసిరినవాడిది. నిప్పు తీసేయండి మాస్టారూ. మనకక్కర్లేదు."

"నిప్పు తీసేస్తే విసనకర్ర ఎందుకురా, ఇంత చలిలో?"

"నిప్పు ఉందని రాస్తే ఎవరు పెట్టారని అడుగుతారు."

"అడగాలిగా మరి. విసరక ముందే అక్కడ నిప్పు ఉండాలి. బూడిదను విసిరితే కళ్లలో పడుతుంది గాని మండదు. ఈ మాట పుట్టించినవాళ్లు పొయ్యి రాజేసినవాళ్లు. వాళ్లకు తెలుసు."

"మన జిల్లాలో నిప్పు లేదు. డిసెంబరు నివేదికలో కూడా అలాగే పంపాం."

"అయితే మాట కూడా అక్కర్లేదు. చింపెయ్యనా?" మాస్టారు కార్డును రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"అయ్యో వద్దు! ఏడేళ్ల శిక్ష ఉన్న మాట మాస్టారూ అది!"

అప్పుడు కార్యదర్శి కుక్ దగ్గి, "నిప్పు సరిహద్దు అవతలి ఉత్తర దేశం నుంచి వచ్చిందని రాస్తే ఎలా ఉంటుంది సార్?" అన్నాడు. డైరెక్టర్ గారు కొంచెంసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆయన ముఖంలో శాంతి కనిపించింది. కుక్ ఫైల్లో ఇలా రాశాడు: "విసనకర్ర: స్థానికం. నిప్పు: దిగుమతి."

"కీహో వాళ్లమ్మ మోకాళ్లు కూడా దిగుమతేనా?" అని అడిగారు మాస్టారు.

ఆ ప్రశ్న ఫైల్లోకి ఎక్కలేదు.

వెళ్లేముందు మాస్టారు ఒక సంగతి చెప్పారు. "అర్థం మీరు ఏమైనా రాసుకోండి. చట్టం మీది. నా నిఘంటువులో మాత్రం ఉదాహరణ లేకుండా మాట ఉండదు. ఉదాహరణ నేను అల్లను. ఎవరో ఒకరు నిజంగా అనాలి. ఇద్దరు సాక్షులు వినాలి." నిదర్శనంగా 'దగ్గు' కార్డు చూపించారు. పోస్టుమాస్టరు అన్న వాక్యం, తేదీ, ఇద్దరు సాక్షుల పేర్లు ఉన్నాయి. ఒక సాక్షి పేరు పక్కన 'చనిపోయాడు' అని ఉంది.

"ఉదాహరణకేం మాస్టారూ, ఆ మనిషి అన్న వాక్యం ఉందిగా" అన్నారు డైరెక్టర్ గారు.

"విన్నవాళ్లను ఇద్దర్ని తీసుకురా."

డైరెక్టర్ గారు మర్నాడు నలభై ముగ్గుర్నీ పిలిపించారు. ఆ రోజు మఫ్లర్లు కట్టుకున్నామని, ఏ మాటా వినపడలేదని నలభై ముగ్గురూ చెప్పారు. మరి ఎందుకు కూర్చున్నారని అడిగితే కూర్చోలేదని, మోకాళ్లు వాటంతటవే వంగాయని చెప్పారు. ఒక్కొక్కరినీ వేరువేరు గదుల్లో అడిగారు. వాంగ్మూలాలన్నీ కార్బన్ పెట్టి రాసినట్టు ఒకేలా వచ్చాయి.

*

నిందితురాలిని చూడటానికి నాకు పది నిమిషాలు అనుమతి దొరికింది. సార్జెంట్ సోక్ తలుపు తీశాడు. ఓక్‌నమ్ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నేను పత్రిక పేరు చెప్పాను.

"అయితే నీకు ఊరి సంగతులు తెలుస్తాయి. మా పొయ్యి ఆరలేదు కదా బాబూ?" అంది.

ఆ సంగతి కనుక్కోలేదని చెప్పాను.

"ఏం విలేకరివయ్యా! నెలాఖరుకు మా కీహో వస్తాడు. సైన్యంలో చేరాక ఇదే మొదటి సెలవు. పొయ్యి వేడి నేల కిందుగా పాకాలి కదా, ఒక్కసారి ఆరిందంటే గది నేల గడ్డకట్టుకుపోతుంది. మళ్లీ వేడెక్కాలంటే మూడు రోజులు. వాడికిచ్చింది అయిదు రోజులు."

"అమ్మా, మీ మీద పెట్టిన నేరం ఏమిటో తెలుసా?"

"తెలుసు. కూర్చోవడం."

"కాదమ్మా. రెచ్చగొట్టడం. రుజువైతే ఏడేళ్లు."

ఆమె వేళ్లు లెక్కపెట్టుకుంది. "వాడికి ఇరవై తొమ్మిది వస్తాయి" అంది. తర్వాత, "ఎవర్ని రెచ్చగొట్టాను?" అని అడిగింది.

"మీ వెనకున్నవాళ్లను."

"నా వెనకున్నది సుండోక్ వాళ్లమ్మ. దాన్ని రెచ్చగొట్టడం మనిషన్నవాడి వల్ల అవుతుందా? వాకిట్లో మంచు ఊడ్చవే అని ఇరవై ఏళ్లుగా చెబుతున్నా. ఒక్కరోజు ఊడ్చిందా?"

"మాట అనకుండా కూర్చుంటే సరిపోయేది కదా పిన్నిగారూ" అన్నాడు సార్జెంట్ సోక్.

"మోకాళ్లు వంచితే మాట దానంతటదే వస్తుంది నాయనా. నీకూ యాభై దాటనీ."

సార్జెంట్‌కు నలభై ఎనిమిది. అతను తలుపు వేసేటప్పుడు తన మోకాలివైపు చూసుకున్నాడు.

వస్తూ వస్తూ పేటలోకి వెళ్లాను. పొయ్యి ఆరలేదు. సుండోక్ వాళ్లమ్మ పొద్దునొకటి, సాయంత్రమొకటి దిమ్మ మారుస్తోంది.

"దిమ్మలు ఎక్కడివి?" అన్నాను. డిపోలో ఇంటికి వారానికి పదే ఇస్తున్నారు.

"ఎక్కడివేమిటి, పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో ఉంటున్నాయి" అంది. "నువ్వడిగావు, సరే. పొద్దున పోలీసాయన కూడా అడిగాడు. మేం ఎవరం పెట్టలేదని పేటంతా చెప్పాం. మీకింకో పని లేదా?"

*

అర్థానికి మూడు ముసాయిదాలు పట్టాయి. మూడింటినీ చూసే భాగ్యం నాకు కలిగింది.

మొదటిది: "జనం చేత ఏదైనా పని చేయించడం." ఇది కుదిరినట్టే అనిపించింది. జడ్జిగారు దాన్ని తిప్పి పంపారు. దీని ప్రకారం 'జరగండి, జరగండి' అనే బస్సు కండక్టర్‌కు ఏడేళ్లు వేయాల్సి వస్తుందని చీటీలో రాశారు.

రెండోది: "జనం చేత చేయకూడని పని చేయించడం." కూర్చోవడం చేయకూడని పని అని ఏ చట్టంలో ఉందో చెప్పమన్నారు జడ్జిగారు. శాఖవాళ్లు రెండు రోజులు వెతికారు. పార్కులో గడ్డి మీద కూర్చోకూడదన్న నిబంధన ఒకటి దొరికింది. డిపో ముందు గడ్డి లేదు. గడ్డి వేయించడం గురించి కొంత చర్చ జరిగింది.

మూడోదాన్ని డైరెక్టర్ గారు స్వయంగా, ఒంటరిగా, భోజనం మానేసి రాశారు. "పైనుంచి ఆజ్ఞ లేకుండా, ఒక వ్యక్తి తాను చెప్పడం చేత గాని తాను చేసి చూపడం చేత గాని, పదిమందికి తగ్గకుండా జనం అదే పని చేసేటట్టు చేయడం. ఆ వ్యక్తి ఉద్దేశం ఏమిటన్నది అనవసరం."

"'పైనుంచి ఆజ్ఞ లేకుండా' అన్న ముక్క చూశావా?" అని నన్ను అడిగారు. "అందులోనే ఉంది కిటుకంతా. దానితో కండక్టర్ బయటపడతాడు, హెడ్మాస్టర్ బయటపడతాడు, ప్రభుత్వం బయటపడుతుంది. ఆమె ఒక్కతే మిగులుతుంది."

"ఉద్దేశం అనవసరం అన్నారు కదా సార్..."

"ఉద్దేశం అడిగితే మోకాళ్లు అంటుంది. అందుకే అడగం."

దాని మీద మూడు ఎర్ర ముద్రలు వేశారు. మాస్టారి కార్డు తెప్పించి దాని మీద కూడా అదే అర్థం రాయించారు. ఉదాహరణ గీత ఖాళీగా ఉంది. ఆ గీత కింద కూడా ముద్ర వేసి, "ఘటనాస్థలంలో నింపవలెను. ఆమోదించడమైనది" అని సంతకం చేశారు. ముందుచూపు అంటే అదే.

జడ్జిగారి నుంచి ఈసారి చిన్న చీటీ వచ్చింది. "అర్థమైంది. ఇక చేయించి చూపించండి."

*

నేరం చేసినవాళ్లను నేరం జరిగిన చోటికి తెచ్చి, అక్కడ మళ్లీ చేయించి చూడటం మా పోలీసుల పద్ధతి. జనం కూడా చూడటానికి వస్తారు. కిందటేడు ఒక దొంగ బ్యాంకు గోడ మళ్లీ ఎక్కి చూపించినప్పుడు చప్పట్లు కొట్టారు. సొన్‌దోంగ్‌ను ఇలా చేయించి చూడటం మాత్రం ఇదే మొదటిసారి అని డైరెక్టర్ గారు చెప్పారు. ఎవరూ కాదనలేదు.

జనవరి ఇరవై అయిదున డిపో ముందు తాళ్లు కట్టారు. తాళ్ల అవతల రెండు వందల మంది జనం. అసలు నలభై ముగ్గురూ ఆ రోజు జ్వరమని కబురు పెట్టారు. కాబట్టి డైరెక్టర్ గారు తన శాఖ ఉద్యోగుల్లోంచి నలభై ముగ్గుర్ని ఏరి, హోదా ప్రకారం లైన్లో నిలబెట్టారు. ముందు కార్యదర్శి కుక్, చివర టైపిస్టు. "వీళ్లయితే ఒక్కరు కూడా తప్పు చేయరు" అన్నారు నాతో. అందరికీ బేసిన్లు ఇప్పించారు.

జడ్జిగారు ఎనిమిదికి వచ్చారు. వెంటనే మొదలుపెడదామన్నారు డైరెక్టర్ గారు.

"ఆ రోజు వాళ్లు ఎంతసేపు నిలబడ్డారు?" అని అడిగారు జడ్జిగారు.

"రెండు గంటల పదిహేను నిమిషాలు."

"అయితే అంతసేపూ నిలబడనివ్వండి."

జడ్జిగారికి కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. జడ్జిగారు కూర్చోలేదు కాబట్టి డైరెక్టర్ గారూ కూర్చోలేదు. డిపో మెట్ల మీద, అందరికీ కనిపించేలా నిలబడ్డారు. మాస్టారు కర్ర మీద ఆనుకుని నిలబడ్డారు. ఆయన జేబులో కార్డు, చెవి మీద పెన్సిల్. సున్నాకు తొమ్మిది డిగ్రీల కింద చలి. తొమ్మిదిన్నరకు టైపిస్టు ఏడ్చింది.

పదింబావుకు ఓక్‌నమ్‌ను తెచ్చారు. నడుముకు తెల్లటి తాడు. తాడు కొస సార్జెంట్ సోక్ చేతిలో ఉంది. బేసిన్ ఇచ్చారు.

"పిన్నిగారూ, ఆ రోజు అన్నట్టే అనండి" అన్నాడు సార్జెంట్.

"మళ్లీ అంటే ఇంకో ఏడేళ్లా?"

"కాదు, ఇది లెక్కలోకి రాదు."

ఆమె లైన్లో కుక్ ముందు నిలబడింది. "అబ్బ, నా మోకాళ్లు. నేను కూర్చుంటున్నానమ్మా" అంది. బేసిన్ బోర్లించి కూర్చుంది.

ఎవరూ కూర్చోలేదు.

ఒక నిమిషం గడిచింది. నలభై ముగ్గురూ ముందుకే చూస్తున్నారు. జడ్జిగారు గడియారం చూశారు. ఆయన గుమస్తా ఏదో రాసుకున్నాడు. డైరెక్టర్ గారు కళ్లతో సైగ చేశారు. కుక్ కూడా కళ్లతోనే ఏదో బదులిచ్చాడు. రెండు నిమిషాలు.

"కూర్చోండ..." అని మొదలుపెట్టారు డైరెక్టర్ గారు.

"ఆజ్ఞ ఇస్తున్నారా?" అన్నారు జడ్జిగారు. "ఇస్తే మీరు రాసిన అర్థం ప్రకారం ఇది సొన్‌దోంగ్ కాదు. కేసు ఇక్కడితో ముగుస్తుంది."

డైరెక్టర్ గారు నోరు మూసుకున్నారు. మెట్లు దిగి కుక్ దగ్గరికి వెళ్లారు. నేను తాడుకు ఇవతలే ఉన్నాను కాబట్టి మాటలు వినపడ్డాయి.

"ఏమయ్యా, ఎందుకు కూర్చోవు?"

"మీరు నిలబడి ఉన్నారు సార్."

"అయితే?"

"మీరు నిలబడి ఉండగా నేను కూర్చోవడమా సార్? మా అమ్మానాన్నలు నన్నలా పెంచలేదు."

"నీ తర్వాతివాడు?"

"నేను నిలబడి ఉండగా అతనెలా కూర్చుంటాడు సార్?"

డైరెక్టర్ గారు లైను చివరి దాకా చూశారు. టైపిస్టు చివరన కళ్లు తుడుచుకుంటోంది. ఆయన మెట్ల దగ్గరికి తిరిగి వచ్చారు. అప్పటికి రెండు గంటల ఇరవై నిమిషాలుగా నిలబడి ఉన్నారు. ఈలోగా సార్జెంట్ సోక్, "ఇంకోసారి చేద్దాం, లేవండి పిన్నిగారూ" అని ఓక్‌నమ్‌ను లేపాడు.

"సరే" అన్నారు డైరెక్టర్ గారు. ఎవరితోనూ కాదు, గాలితో అన్నట్టే అన్నారు. "నా కాళ్లు కూడా లాగేస్తున్నాయి. నేను కూర్చుంటున్నాను."

మెట్టు మీద కూర్చున్నారు.

నలభై మూడు బేసిన్లు ఒకేసారి బోర్లపడ్డాయి. గుమస్తా లెక్క ప్రకారం నాలుగు సెకన్లు. తాళ్ల అవతల జనం కూడా కూర్చున్నారు. వాళ్లూ ఎనిమిది నుంచి నిలబడే ఉన్నారు. సార్జెంట్ సోక్ తాడు కొస పట్టుకునే కూర్చున్నాడు. నిలబడి మిగిలినవాళ్లం అయిదుగురం. జడ్జిగారు, ఆయన గుమస్తా, మాస్టారు, నేను, నిందితురాలు.

పదీ ఇరవై ఒకటికి గవర్నర్ గారి కారు వచ్చింది. ఈ కార్యక్రమం చూడటానికి డైరెక్టర్ గారే పిలిచారు. ఆయన లేవబోయారు. మోకాళ్లు లేవనివ్వలేదు. ఆయన లేవకుండా కుక్ లేవలేదు. కుక్ లేవకుండా ఎవరూ లేవలేదు. కారు ముందుకు వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ఒకసారి వెళ్లింది.

"డైరెక్టర్ గారు ఆజ్ఞ ఇచ్చారా?" అని జడ్జిగారు గుమస్తాను అడిగారు.

"లేదండీ. కూర్చున్నారంతే."

"ఎంతమంది?"

"నలభై ముగ్గురు. జనాన్ని కూడా కలపమంటారా?"

"పది దాటాక అక్కర్లేదు" అన్నారు జడ్జిగారు. "అర్థం బాగా రాశారు. ఎక్కడా సందేహం లేదు."

మాస్టారు చెవి మీది పెన్సిల్ తీసి కార్డు మీద ఒక గీత నింపారు. తేదీ వేశారు. సాక్షుల కోసం చుట్టూ చూశారు. ఈసారి కొరత లేదు.

*

ఇరవై ఏడున తీర్పు వచ్చింది. బాంగ్ ఓక్‌నమ్ మాటకు ఒక్కరు కూడా కూర్చోలేదని ప్రభుత్వమే నిరూపించింది కాబట్టి ఆమెను విడిచిపెట్టారు. మెట్టు మీద కూర్చున్న రెండో వ్యక్తి గురించి తీర్పులో ఏమీ లేదు. ఆ ఫైలు మాత్రం తన దగ్గరే ఉంచుకుంటున్నట్టు జడ్జిగారు చివర్లో రాశారు.

మర్నాడు డైరెక్టర్ గారు విలేకరుల సమావేశం పెట్టారు. కార్యక్రమం విజయవంతమైందన్నారు. మన జిల్లాలో ఎవరైనా సొన్‌దోంగ్ చేస్తే ఒక్కరు కూడా కదలరని లోకానికి తేలిందన్నారు. ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఇకముందు ఇలాంటి అవకాశమే లేకుండా కొత్త ఉత్తర్వు తెచ్చామని కూడా చెప్పారు. ఫిబ్రవరి ఒకటి నుంచి బొగ్గు డిపో లైన్లో జనం అంతా కూర్చునే ఉండాలి. ఆజ్ఞ ప్రకారం కూర్చున్నవాళ్లను ఆజ్ఞ లేకుండా ఎవరూ కూర్చోబెట్టలేరు. బార్లీ టీ ఇచ్చారు.

కీహో ముప్పైన వచ్చాడు. గది నేల వెచ్చగా ఉంది. వాళ్లమ్మ ఇంట్లో లేని పద్దెనిమిది రోజుల్లో ఆ పొయ్యిలో ముప్పై ఆరు దిమ్మలు కాలాయి. అవి ఎవరివో ఇంతవరకూ తేలలేదు.

మార్చిలో నిఘంటువు అచ్చయింది. డైరెక్టర్ గారే ఆవిష్కరించి, జిల్లాలోని బడులన్నిటికీ పన్నెండు వందల ప్రతులు పంపించారు. సొన్‌దోంగ్ ఆరువందల నాలుగో పేజీలో ఉంది. అర్థం ఆయన రాసిందే, అక్షరం మారలేదు. దాని కింద: "ఉదాహరణ. 'నా కాళ్లు కూడా లాగేస్తున్నాయి. నేను కూర్చుంటున్నాను.' యోమ్ సాంగ్‌హాన్, జనవరి 25. సాక్షులు: న్యాయమూర్తి ప్యోన్, తదితరులు." ఆ కింద ఆయన ముద్ర. ఆయన ఇంకా అన్ని పేజీలు తిరగేయలేదు.

ఆ వారమే నేను దిమ్మల కోసం డిపోకు వెళ్లాను. గేటు మీద కొత్త బోర్డు: "లైన్లో కూర్చొనవలెను." డెబ్బై మందిమి మంచు మీద బేసిన్లు బోర్లించి కూర్చున్నాం. ఎనిమిదికి తెరవాల్సిన గేటు పదైనా తెరవలేదు. నా ముందు సుండోక్ వాళ్లమ్మ. ఆమె ముందు ఓక్‌నమ్.

పదింబావుకు ఓక్‌నమ్ నడుము మీద చెయ్యి వేసుకుంది.

"అబ్బ, కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. నేను నిలబడుతున్నానమ్మా" అంది.

"ఒసేయ్, మళ్లీనా!" అంది సుండోక్ వాళ్లమ్మ లేస్తూ.

వెనక బేసిన్ల చప్పుడు వినపడింది. ఎన్నో లెక్కపెట్టలేదు. అప్పటికి నేను కూడా లేచి ఉన్నాను.